సాంచాల ఊరికి బండి మీద

జగిత్యాల టవర్ దగ్గర బండి తీశాం. వెనక మా ఆవిడ. ఇద్దరికీ హెల్మెట్లు. 2016 దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లావే. ఇప్పుడు సిరిసిల్ల వేరే జిల్లా.

కోరుట్లకు 63వ నంబరు జాతీయ రహదారి. కోతల కాలమొస్తే ఈ ప్రాంతంలో సగం రోడ్డు వడ్లదే! చుట్టూ రాళ్లు పేరుస్తారు. పగలైతే సరే, రాత్రి ఎదుటి లారీ లైటు కళ్లలో పడితే రాయీ కనపడదు, నల్ల టార్పాలినూ కనపడదు. ఓసారి అలాగే రాయెక్కించి పడ్డాను. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. రైతును తిట్టలేం. తేమ తగ్గందే కొనరు, కల్లాలేమో చాలవు. ఆ రోజుల్లో చీకటి పడ్డాక నేనే బండి తీయను.

కోరుట్లలో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు ఎక్కువ. దుబాయిలో, సౌదీలో బండ్లు కుడివైపు నడుస్తాయి. ఆ అలవాటు ఒక్క రోజులో పోతుందా? మలుపుల్లో రెండు వైపులా చూసుకోవాల్సిందే.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాం. బి.వై.నగర్ సందుల్లో సాంచాల చప్పుడుకు హారన్ వినపడదు. నూలు చుట్టిన బీములు ఆటోల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి. కాస్త దూరంగా ఉండాలి.

మా ఆవిడ చీర కొంది. బండెక్కబోతూ కొంగు దోపుకుంటూ వెనక చక్రం వైపు చూసింది. శారీ గార్డు ఊడిపోయి ఆరు నెలలు.

"ముందు గది బిగిపియ్యుండ్రి. గప్పుడెక్కుత" అంది.

మెకానిక్ షాపు దాకా బండి నెట్టుకుంటూ నడిచాం.