నాన్న ఎందుకు సన్నబడ్డారు?

'మేడమ్, గేమింగ్ కోసమా?'

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణం కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. కాదు బాబూ, మా అక్క పెళ్లి వీడియో ఎడిటింగ్ చేసుకోవడానికి అన్నాను. 'పెళ్లెప్పుడు మేడమ్?' అన్నాడు. 2006 మాఘమాసంలో అని చెప్పాను. అతను ఇంకేమీ అడగలేదు. గ్రాఫిక్స్ కార్డుల పెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు.

అతని తప్పేం లేదు. సంగతి చెబితే గానీ ఎవరికైనా అర్థం కాదు. నాన్నకు 2016లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మా ఇంట్లోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది ఆ తర్వాతే. ఫోన్లలో ఉన్న వీడియోలన్నిట్లోనూ నాన్న మనవల మధ్య కూర్చుని నవ్వుతుంటారు. మాట్లాడరు. 2024 కార్తీకంలో పోయారు. ఏడాది తిరగొస్తోందనగా తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

'ఏమే, నాన్న గొంతు ఎక్కడైనా ఉందంటావా? సంవత్సరీకానికి అందరూ వస్తారు. ఒక్కసారి వినిపిస్తే బాగుంటుంది.'

పెళ్లి డీవీడీ ఉంది. కానీ ఆ రోజుల్లో పెళ్లి వీడియోలు ఎలా ఉండేవో గుర్తుందిగా! గులాబీ రేకులు రాలడం, పెళ్లికూతురు ముఖం హృదయంలోంచి బయటికి రావడం, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు. మంత్రాలు కూడా వినపడవు, ఇక నాన్న మాటలెక్కడ! అయితే నాన్న ఒక మంచి పని చేశారు. అసలు టేపులు తమకే ఇవ్వాలని పట్టుబట్టి వీడియో అతని దగ్గర తీసుకున్నారు. నాలుగు మినీ డీవీ క్యాసెట్లు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. బీరువా అడుగు అరలో, పట్టుచీరల కింద అలాగే ఉన్నాయి.

అదిగో, అందుకు కొన్నాను కంప్యూటర్. ఎడిటింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డేనని ఎక్కడో విని, ఉన్న డబ్బులో సగం దానికే పోశాను. ర్యామ్ 8 జీబీ చాలనుకున్నాను. ఫైళ్లకు ఇంట్లో పడున్న పాత హార్డ్‌డిస్క్ పెట్టాను. మర్నాడు ఆఫీసులో వీడియో విభాగం కుర్రాడికి గొప్పగా చెబితే, అతను నెత్తి కొట్టుకున్నాడు. 'అక్కా, మిషన్ సంగతి తర్వాత. ముందు నీ దగ్గరున్న వీడియో ఎట్లాంటిదో చూసుకోవాలి కదా!'

నిజమే. ఆ టేపుల్లోంచి వీడియో రావాలంటే ఫైర్‌వైర్ అనే పోర్టు కావాలి. ఇప్పటి కంప్యూటర్లలో అది రాదు. నా కొత్త మిషన్‌లోనూ లేదు. విడిగా ఒక కార్డు సంపాదించి బిగించాల్సి వచ్చింది. టేపు తిప్పడానికి పాత క్యామెరా ఒకటి అరువు తెచ్చుకున్నాను. పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసుకున్నట్టు కుదరదు. గంట టేపుకి గంటసేపు కూర్చోవాలి. గంట వీడియో దాదాపు 13 జీబీ ఆక్రమిస్తుంది. నాలుగో టేపులో అక్కడక్కడా బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోయింది. ఎంత బతికుంటే అంతే దక్కించుకున్నాను. కాపీలు రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి బెంగళూరులో అక్కకి పంపించాను.

విచిత్రం ఏమిటంటే, ఈ పాత వీడియో నా కంప్యూటర్‌లో పరుగులు తీసింది. నిన్నమొన్నటి ఫోన్ క్లిప్పులు జత చేయగానే నత్తనడక మొదలుపెట్టింది. ఎందుకంటే డీవీ టేపులో ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తి బొమ్మ. ఫోన్ అలా కాదు, పరమ పిసినారి. అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ దాచి, మధ్యలో మారినదేమిటో మాత్రమే రాసుకుంటుంది. ఎడిటింగ్‌లో ఎక్కడ వేలు పెడితే అక్కడి బొమ్మను కంప్యూటర్ ముందూ వెనకా చూసి మళ్లీ అల్లుకోవాలి. ర్యామ్ 32 జీబీ చేసి, ఎస్ఎస్‌డీ వేసి, ఆ క్లిప్పులకి ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకూ పనికొచ్చే తేలికపాటి నకళ్లు, తయారు చేసుకున్నాక గానీ పని సాగలేదు. నిజానికి ప్రాక్సీలతోనే ముప్పాతిక బాధ తీరింది. అది పైసా ఖర్చు లేని పని. ఎవరైనా ముందే చెప్పి ఉంటే!

పది నిమిషాల ముక్క కూర్చి అమ్మకి వాట్సప్‌లో పంపాను. వెంటనే ఫోన్.

'ఏమే, నాన్న ఇందులో ఇంత సన్నగా ఉన్నారేంటి? సన్నబడింది జబ్బు చేశాక కదా!'

నాకేం తేడా కనపడలేదు. నీకలా అనిపిస్తోందిలే అన్నాను. అమ్మ వినలేదు. యాభై ఏళ్లు చూసిన మొహం, నాకు తెలీదా అంది. పెళ్లి ఆల్బమ్ ఫొటో పక్కన పెట్టి చూస్తే... అమ్మ చెప్పిందే నిజం! మన దేశపు పాత టీవీ పద్ధతిలో బొమ్మకి అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576. కానీ ఆ చుక్కలు చదరంగా ఉండవు, కాస్త వెడల్పు. కంప్యూటర్‌కి ఆ మాట చెప్పకపోతే వాటిని చదరాలనుకుని, మనిషిని ఏడు శాతం దాకా నొక్కేస్తుంది. సెట్టింగుల్లో ఒకే ఒక్క గడి. అది మార్చగానే నాన్నకి బుగ్గలొచ్చాయి.

అప్పట్నుంచి ప్రతి గడినీ అనుమానంగా చూడటం మొదలెట్టాను. చూడబట్టి సరిపోయింది. ముందుగా ఫోన్ క్లిప్పు లోపల వేసినప్పుడు 'దీని ప్రకారం మార్చనా?' అని సాఫ్ట్‌వేర్ అడిగితే సరే అనేశాను. ఫోన్‌ది సెకనుకి 30 ఫ్రేములు. మన టేపుది 25. లెక్క సరిపెట్టడానికి ప్రతి అయిదు ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపిస్తోంది. అందుకే పెళ్లిపందిట్లో అందరూ తట్టుకుంటూ నడుస్తున్నారు! వీడియోలన్నీ లోపల వేశాక ఆ సెట్టింగ్ మార్చనివ్వదు. మళ్లీ మొదటికి. రెండు ఆదివారాలు హుష్‌కాకి.

ఇంకోటి ఉంది. ఆ టేపుల్లో ఒక్కో ఫ్రేము రెండు సగాలు. గీత విడిచి గీత, ముందొక సగం, సెకనులో యాభయ్యో వంతు తర్వాత రెండో సగం. డబ్బా టీవీలో తేడా తెలిసేది కాదు. కంప్యూటర్ తెర రెండింటినీ ఒకేసారి చూపించేసరికి కదిలే చెయ్యికి దువ్వెన పళ్లు మొలుస్తాయి. ఆ సగాల్ని విడదీసి సెకనుకి 50 ఫ్రేములు చేసుకోవచ్చు. కానీ ఏ సగం ముందో సరిగ్గా చెప్పాలి. నేను పైది ముందు అని పెట్టాను. వడ్డించేవాళ్లని పిలుస్తూ నాన్న చెయ్యెత్తారు. ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ వణికింది. ఎనిమిదేళ్లు చూశాను ఆ వణుకుని. కంప్యూటర్ ఆపేసి లేచిపోయాను.

డీవీలో కిందిది ముందట. మర్నాడు మార్చాను. చెయ్యి నిలకడగా లేచింది.

గ్రాఫిక్స్ కార్డు వృథా పోకూడదని ఒక ప్రయత్నం చేశాను. కృత్రిమ మేధతో పాత వీడియోని 4కే చేస్తుందంటే ఒక రాత్రంతా నడిపాను. పొద్దున చూస్తే ఎవరో నున్నటి మొహం పెద్దమనిషి. నాన్న చెంప మీది స్ఫోటకం మచ్చలు మాయం. తీసి పారేశాను.

కార్తీకంలో భోజనాలయ్యాక హాల్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాం. ఇరవై నిమిషాలు. చివర్లో ఫోన్ క్లిప్పులు కాస్త తడబడ్డాయి, తడబడనీ. బాబాయికి మాత్రం తెర నిండకపోవడం నచ్చలేదు.

'రెండు పక్కలా నల్లగా వదిలేశావేంటమ్మా? సాగదీస్తే సరిపోయేదిగా!'

'ఉండనీవయ్యా' అంది అమ్మ, కళ్లు తిప్పకుండా.

తెర మీద బంతి భోజనాలు. క్యామెరా అతను ఎటో చూస్తూ ఆపడం మర్చిపోయినట్టున్నాడు, నేలా, విస్తళ్లూ, కాళ్లూ కనిపిస్తున్నాయి. పైనుంచి నాన్న గొంతు. 'ఏమయ్యా, మూడో వరసకి నెయ్యి రాలేదు. ఆ చివర పెద్దాయన్ని పులిహోర అడగండి మళ్లీ.'

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మే ముందు నోరు తెరిచింది.

'ఆ నెయ్యి గిన్నె చూశావుటే? మనదే. ఆ రోజు పోయిందే, మళ్లీ దొరకలేదు.'