ఏదైనా అంటే అన్నీ కాదు

పత్రికలో గళ్ల పజిల్ నింపడాన్ని లోకం కాలక్షేపంగానే లెక్కగడుతుంది. ఇంగ్లీషులో నాలుగు కొత్త మాటలు పట్టుబడతాయని ఉపాధ్యాయులు అంటారు, పోటీ పరీక్షలకు పనికొస్తుందని శిక్షణ కేంద్రాలవారు అంటారు. రెండూ నిజమే. అయితే పుదుచ్చేరి నుంచి చూసినప్పుడు ఆ గళ్లకు ఇంకో ప్రయోజనం కనిపిస్తుంది. ఒక ఇంగ్లీషు మాటకు ఎవరు ఏ అర్థం చెబుతారన్న దానిమీద ఎన్నికైన ప్రభుత్వం అధికారమే ఆధారపడిన ఊరు అది.

1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం మంత్రిమండలి పాలనాధిపతికి సాయపడాలి, సలహా ఇవ్వాలి. చట్టంలోని మాటల్లో అది ‘ఎయిడ్ అండ్ అడ్వైజ్’. నిఘంటువు తిరగేసినవాడికి సలహా అంటే వింటే వినవచ్చు, లేకుంటే లేదు. బ్రిటిష్ పార్లమెంటరీ నుడికారం ఎరిగినవాడికి సలహా అంటే పాటించి తీరవలసినది. అక్కడ మంత్రుల సలహాను కాదని రాజు నడవడు. ఒకే మాటకు నిఘంటువు ఇచ్చే అర్థానికీ, నుడికారం ఇచ్చే అర్థానికీ మధ్య ఉన్న సందులోనే 2016 మే నుంచి 2021 ఫిబ్రవరి దాకా పుదుచ్చేరి పాలన నలిగింది. లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ ఒకవైపు, ముఖ్యమంత్రి నారాయణస్వామి మరోవైపు నిలిచారు. రోజువారీ పాలనలో గవర్నర్ జోక్యం కూడదని మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2019 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. 2020 మార్చిలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది.

అదే సెక్షన్‌లో మరో మాట ఉంది. గవర్నర్‌కూ మంత్రులకూ ‘ఎనీ మ్యాటర్’పై భేదాభిప్రాయం వస్తే రాష్ట్రపతికి నివేదించాలి. ఢిల్లీకి సంబంధించిన రాజ్యాంగ అధికరణ 239ఏఏలోనూ ఇవే మాటలున్నాయి. ఢిల్లీ వివాదంలో 2018 జులై 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీనికి భాష్యం చెప్పింది: ‘ఎనీ మ్యాటర్’ అంటే ‘ఎవ్రీ మ్యాటర్’ అని కాదు. ఏదైనా విషయం అన్నంత మాత్రాన ప్రతి విషయమూ అని అర్థం కాదన్నమాట. అదే ఏడాది డిసెంబరు 6న పుదుచ్చేరి కేసులో ఇంకో చిక్కుముడి విడింది. 30 మంది ఎన్నికైన సభ్యులకు తోడు ముగ్గురికి మించకుండా కేంద్రం నామినేట్ చేయవచ్చని చట్టం చెబుతుంది. స్థానిక ప్రభుత్వాన్ని సంప్రదించాలని అందులో లేదు. లేని మాటను చేర్చి చదవలేమని, ఆ ముగ్గురికీ ఓటుహక్కు ఉంటుందని కోర్టు తేల్చింది. 2021 ఫిబ్రవరి 22న నారాయణస్వామి ప్రభుత్వం కూలిన నాడు ప్రతిపక్షం బలంలో నామినేటెడ్ సభ్యులు ముగ్గురూ ఉన్నారు.

చట్టంలో ఉన్న మాటను ఎంతవరకు సాగదీయవచ్చు? లేని మాటను ఊహించుకోవచ్చా? ఈ రెండు ప్రశ్నలతోనే రోజూ కుస్తీ పట్టేవారు మరొకరున్నారు. వారే పజిల్ ప్రియులు.

పజిళ్లలో రెండు రకాలు. మొదటి రకంలో ఆధారంగా అర్థం ఇస్తారు, మాట పట్టుకోవాలి. ఇది పదసంపదకు పరీక్ష. రెండో రకం గూఢమైనది. అందులో ఆధారం పైకి ఒక మామూలు వాక్యంలా కనిపిస్తుంది. ఆ పైపై అర్థాన్ని నమ్మినవాడు మునుగుతాడు. వాక్యాన్ని విరిచి, ఏ ముక్క ఏ పని చేస్తోందో పట్టుకోవాలి. ‘వినడం’ అనే అర్థంలో వాడే ‘లిజన్’ మాటలోని ఆరు అక్షరాలను తారుమారు చేస్తే ‘సైలెంట్’ వస్తుంది. వినాలంటే నోరు మూసుకోవాలన్న నీతి అక్షరాల్లోనే దాగి ఉందన్నమాట. ఇలాంటి ఆధారాలతో తలపడేవాడు ‘ఆఫ్’, ‘ఇన్’, ‘ఎనీ’ వంటి చిన్న మాటలను దాటవేయడు. పెద్ద మాటల గుట్టు చిన్న మాటల్లో ఉంటుందని అతడికి తెలుసు. చట్టం చదవడానికి కావలసిన చూపు కూడా ఇదే.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన తొలి పజిల్ వెలువడింది. లండన్ టైమ్స్‌లోకి 1930లో వచ్చింది. దక్షిణాదిలో 1971 నుంచి ‘ది హిందూ’ గళ్లు కొన్ని తరాలకు ఇంగ్లీషు బడిగా పనిచేశాయి. ఆ బడికి ఫీజు పత్రిక ధరే. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవారు లేని గుమాస్తాలు, పట్టణాలకు కొత్తగా వచ్చిన విద్యార్థులు, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగులు అందులో కూర్చున్నారు.

జాతీయాలు పట్టుబడేదీ అక్కడే. పార్టీ ఆదేశానికి ‘విప్’ అన్న పేరు నక్కల వేటనుంచి వచ్చింది. వేటకుక్కలు చెదిరిపోకుండా కొరడాతో అదిలించేవాడి పేరు అది. ఆ సంగతి తెలిశాక విప్‌కు లోబడే ప్రజాప్రతినిధిని చూసే చూపు మారుతుంది. పార్టీ మారడాన్ని ఇంగ్లీషువాడు ‘క్రాసింగ్ ద ఫ్లోర్’ అన్నాడు. వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చుంటాయి కనుక పార్టీ మారేవాడు అందరి కళ్లముందు నడిచి వెళ్లాలి. తెలుగువాడు అదే పనిని ‘గోడ దూకడం’ అన్నాడు. నడకలో బాధ్యత ఉంది, దూకుడులో దొంగతనం ఉంది. ఏ జాతి రాజకీయానుభవం ఎలాంటిదో జాతీయాలే చెబుతాయి. పదాల పట్టికను బట్టీపట్టినవాడికి ఈ తేడా ఎన్నటికీ అందదు.

మరి ఈ ఆట ఎవరికి అందుతోంది? పుదుచ్చేరి భాషల కూడలి. 1956 మే 28న భారత్, ఫ్రాన్స్ కుదుర్చుకున్న అప్పగింత ఒప్పందంలోని 28వ అధికరణ, ప్రజాప్రతినిధులు మరోలా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికారభాషగా ఉంటుందంది. తర్వాత తమిళం అధికారభాష అయింది. 800 కిలోమీటర్లకు పైగా దూరంలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం తెలుగు మాట్లాడుతుంది, మాహే మలయాళం మాట్లాడుతుంది. యానాం ఫైలు పుదుచ్చేరి సచివాలయంలో కదలాలంటే నడుమ నిలిచేది ఇంగ్లీషే. 2023-24 నుంచి అక్కడి ప్రభుత్వ పాఠశాలలు రాష్ట్రాల బోర్డులను వదిలి సీబీఎస్ఈ బాట పట్టాయి. మత్స్యకారుల బిడ్డ, కూలీ బిడ్డ ఇప్పుడు ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు కూర్చున్నారు.

దేశంలో భాషాచర్చ అంతా మాధ్యమం దగ్గరే ఆగిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఇంగ్లీషు మాట్లాడేవారు సిగ్గుపడే రోజు వస్తుందన్న ధోరణిలో 2025 జూన్‌లో కేంద్ర హోంమంత్రి వ్యాఖ్యానించారు. ఒకరు ఇంగ్లీషు ఇస్తామంటారు, ఒకరు వద్దంటారు. ఏ ఇంగ్లీషు అందుతోందని అడిగేవారు లేరు. ప్రభుత్వ బడిలో ఎక్కువగా అందేది పట్టికల ఇంగ్లీషు: మాట, అర్థం, సొంతవాక్యం. దరఖాస్తు నింపడానికి అది చాలు. వచ్చిన ఉత్తర్వును ప్రశ్నించడానికి చాలదు. ప్రశ్నించే ఇంగ్లీషు నుడికారంలో ఉంటుంది. ఆ నుడికారం ఇంట్లో పుస్తకాల అల్మరా ఉన్నవారి వారసత్వంగానే మిగిలిపోతోంది.

పజిల్ ఈ అంతరాన్ని పూర్తిగా చెరపలేదు. దాని ఆధారాల్లో షేక్‌స్పియర్, బైబిల్, క్రికెట్ తెలిసి ఉండాలన్న దర్పం ఉంది. పజిల్‌కు కావలసిన తీరిక కూడా అందరికీ సమానంగా లేదు. అయినా పరీక్షకు లేని ఒక గుణం దానికుంది. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, పదిమందిలో పరువు పోతుంది. గళ్లలో అడ్డం తప్పితే నిలువు సరిచేస్తుంది. తప్పును ఎత్తిచూపేది బెత్తం కాదు, పక్క మాట. భయం లేనిచోటే పరభాష నోటికి వస్తుంది. బడికి ఒక పత్రిక, వారానికి ఒక పీరియడు, నల్లబల్ల మీద గీసిన పదిహేను గళ్లు చాలు. ఏ బడ్జెట్‌కూ ఇది భారం కాదు.

ఆట తల్లిభాషలోనే మొదలుపెట్టడం మేలు. శ్రీశ్రీ వంటి మహాకవి కూర్చొని ‘పదబంధ ప్రహేళిక’లు అల్లిన భాష తెలుగు. యానాం పిల్లలకు అది పరాయి ఆట కాదు. అసలు, ‘ఏదైనా ఒకటి తీసుకో’ అని అమ్మ మిఠాయిల పళ్లెం చాపితే అన్నీ తీసుకోమని కాదని పసిబిడ్డకు ఎవరూ చెప్పనక్కరలేదు. తన భాషలో అంత సునాయాసంగా తెలిసిన ఆ తేడా ఇంగ్లీషులోకి వచ్చేసరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, వందల పేజీల తీర్పుగా తిరిగివచ్చింది. సొంత భాషలో ఉన్న ఆ చురుకును అధికార భాషలోకీ తెచ్చుకున్న పౌరుడిని ‘ఎనీ’ అని రాసి ‘ఎవ్రీ’ అని చదివి మోసగించడం ఏ రాజ్‌నివాస్‌కైనా కష్టమే.