వేసవి శిబిరం – ఇంటివారి మాట



ఏప్రిల్ చివర బడులు మూసేసరికి మా పాలమూరు పట్టణాలలో గోడలనిండా వేసవి శిబిరాల కాగితాలు వెలుస్తాయి. చిత్రలేఖనం, కరాటే, నృత్యం, వేదగణితం, ఆంగ్ల సంభాషణ... పిల్లలేమి నేర్చుకొంటారో అన్నీ ఆ కాగితాలలో ఉంటాయి. ఆ పిల్లలను పంపే ఇంటిలో ఏమి జరుగుతుందో మాత్రం ఉండదు. పదవీ విరమణ తరువాత కొన్నేళ్ళపాటు, మే నెలలో, మేము నలుగురు విశ్రాంత ఉపాధ్యాయులం వనపర్తిలో 21 రోజుల శిబిరం నడిపాము. రుసుము లేదు. ఎండ ముదరక మునుపే ముగిసేటట్లు ఉదయం 7.30 నుండి 10.30 దాకా. పద్యపఠనం, చేతివ్రాత, చదరంగం, కథలు చెప్పడం – ఇవీ మా పాఠాలు. ఆ రోజులు తలచుకొంటే పిల్లల పద్యాలకన్నా వారి తల్లిదండ్రుల మాటలే ముందుగా చెవిన పడుతున్నాయి. అవి మరుగున పడిపోకుండా ఇక్కడ వ్రాసిపెడుతున్నాను.

శిబిరమనే మాటకు సంస్కృతంలో సేనలు విడిసే చోటు అని అర్థం. దండు కదిలితే గుడారాలు పీకేస్తారు. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇల్లు చేరే పిల్లల కూడికకు ఈ మాట ఎట్లా అతికిందో గాని అతికింది. పరీక్షలు లేని పగటి బడి మన దేశానికి కొత్తదేమీ కాదు. నెహ్రూగారి చొరవతో 1956లో ఢిల్లీలో బాలభవన్ వెలసింది. ఆ దారిలోనే మన హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ వచ్చింది. ఇక వనపర్తివారు తమ ఊరిని ముద్దుగా విద్యాపర్తి అని పిలుచుకొంటారు. రాజావారి కోటలోనే 1959 నుండి పాలిటెక్నిక్ నడుస్తున్న ఊరు. అందువలన పిల్లలు రారేమోనన్న బెంగ మాకు లేదు.

మొదట వచ్చినవారు ఉద్యోగుల పిల్లలు. ఒక తల్లి, తానూ భర్తా ఇద్దరూ ఉద్యోగులే, నాలుగవ రోజున వచ్చి, "ఇంకొక రెండు గంటలు పొడిగించండి సార్! ఇంట్లో మావాడూ, ఫోనూ తప్ప ఇంకెవరూ ఉండరు" అన్నది. ఏమి నేర్పుతున్నారని ఆమె అడగలేదు. తాళం వేసిన ఇంటిలో పదేళ్ళ పిల్లవాడు సాయంత్రం దాకా ఏమి చేస్తున్నాడోనన్న గుబులే ఆమెచేత ఆ మాట అనిపించింది. మాకు పిల్లల విద్య అయినది ఆమెకు పిల్లవాని క్షేమం.

గద్వాలలో ఇటువంటి శిబిరాన్నే నడిపే మిత్రుడు పిలిస్తే ఒక వారం వెళ్ళి పద్యాలు చెప్పాను. అది విద్వద్గద్వాల అని పేరు మోసిన సంస్థానం, నేతకూ అంతే పేరు. నూలు నడిమి, పట్టు అంచు, పట్టు కొంగు గల గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ చీరలో నూలునూ పట్టునూ కలిపేది కుట్టు నేత. అంచుకు వేరే నాడె, నడిమికి వేరే నాడె. అంచు వైపు కూర్చుని నాడె అందించడానికి నేతగానికి ఇంకొక చేయి కావాలి. వేసవిలో ఆ చేయి చాలా ఇళ్ళలో పిల్లలదే. శ్రావ్యంగా పద్యం చదివే ఒక పాప మూడు రోజులు రాకపోతే వారి ఇంటికి వెళ్ళాము. తండ్రి మగ్గం గుంటలోనుండే నమస్కారం చేసి, "పంపనని గాదు సారూ, అది లేకుంటే మగ్గం ఒంటిచేత నడుస్తది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉచిత శిబిరమని మనం గొప్పగా వ్రాస్తాము. ఆ ఇంటికి అది ఉచితం కాదు. రోజూ మూడు గంటల నేత దాని వెల. పాప ఆ మరునాడు వచ్చింది. ఆమెకు బదులు తల్లి వంటపని వెనుకకు నెట్టి అంచున కూర్చున్నదని తరువాత తెలిసింది.

నాగర్‌కర్నూలు జిల్లాలో, అమ్రాబాద్ అడవుల వైపు నా పూర్వ విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుడు. ఉత్సాహవంతుడు. చెంచు పెంటలలో వేసవి శిబిరం పెడదామని బయలుదేరాడు. ఆ పిల్లలలో చాలామంది బడి నడిచే నెలలన్నీ ఆశ్రమ పాఠశాలలలోనే ఉంటారు. ఒక తండ్రి ఇతని మాటలన్నీ ఓపికగా విని, "యేడంత మీకాడ్నే ఉండె గద సారూ, ఈ రెండు నెల్లన్న మాకాడ ఉండనీరి" అన్నాడట. వేసవిలో ఆ పిల్లవాడు తండ్రి వెంట తేనెకూ, బంకకూ, గడ్డలకూ అడవికి పోతాడు. చెట్టు గుర్తు, వాగు గుర్తు, ఎలుగుబంటి అడుగు తెలియడం ఆ రెండు నెలలలోనే. అది కూడా పాఠమే, చెప్పేవాడు తండ్రి. నా శిష్యుడు ఆ పెంటలో శిబిరం పెట్టలేదు. నాలుగు బొమ్మల పుస్తకాలు ఇచ్చి వచ్చాడు. మంచి పని చేశాడన్నాను.

మళ్ళీ వనపర్తికి వస్తాను. పాలమూరు వలసల సంగతి మీకు తెలియనిది కాదు. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టల మట్టిపనిలో ఈ జిల్లా కూలీల చెమట ఉంది. గుంపు మేస్త్రి చేతిలో బయానా తీసుకొని పండుగల తరువాత బయలుదేరినవారు వానలకు ముందు ఇల్లు చేరుతారు. వారి పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతారు. ఒక అవ్వ మనుమణ్ణి చేయి పట్టుకొని వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది – "బువ్వ పెడ్తరా సారూ?" మేము పెట్టేవి గుగ్గిళ్ళు. ఆమె అడిగింది బువ్వ. కరవు ప్రాంతాలలో వేసవి సెలవులలోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. 2016 కరవులో మా ప్రాంతపు బడులలో అది వడ్డించారు కూడా. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆ అక్టోబరులోనే వేరు జిల్లాలైనవి. ఆ వేసవిలో బడిలోనే శిబిరం పెట్టుకొన్నాము. పద్యాలు అయిపోయినా పిల్లలు కదలలేదు, అన్నం అయ్యేదాకా చదరంగం ఆడేవారు. అది కరవు యేటి ఏర్పాటు. మరుసటి వేసవిలో మళ్ళీ గుగ్గిళ్ళే.

ఒక యేడు మే నడిమిలో ఒక తండ్రి వచ్చి వాకిట నిలబడ్డాడు. పూణే దిక్కున ఆరు నెలలు పనిచేసి ముందురోజే దిగాడట. "సారూ, మేం గూడ క్యాంపులనే ఉంటం. నెలదినాలు పిల్లగాని తోని ఉందమని ఇంటికొస్తే, వాడు గూడ క్యాంపుకు పోవట్టె" అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. పనిచోట వేసుకొనే గుడిసెల వరుసను వారు క్యాంపనే పిలుస్తారు. అప్పుడు తోచింది నాకు, శిబిరమనే మాటకు నిఘంటువులోని అర్థం అతని బ్రతుకులోనే మిగిలి ఉన్నదని.

లోపలికి పిలిచి కొడుకు ప్రక్కన కూర్చోబెట్టాము. ఆనాటి శ్రుతలేఖనం అతనినే చెప్పమన్నాను. ఏమి చెప్పాలి సారూ అంటే, నీవు పనిచేసిన ఊళ్ళ పేర్లు చెప్పు అన్నాను. షోలాపూర్, భివండి, పూణే, సూరత్, బళ్ళారి... అతడు ఒక్కొక్కటే తలచుకొని చెబుతుంటే పిల్లలందరూ పలకల మీద వ్రాశారు. అతనికి చదువు రాదు. కొడుకు పలక తీసుకొని వేలితో వరుసలు లెక్కపెట్టి, "ఇన్ని ఊర్లు తిరిగిన్నా!" అన్నాడు. మరునాటినుండి జూన్‌లో మళ్ళీ వెళ్ళేదాకా రోజూ కొడుకుతోపాటు వచ్చాడు. తన పేరు వ్రాయడం నేర్చుకొన్నాడు. ఒత్తు మాత్రం చివరిదాకా తప్పుగానే పెట్టేవాడు.

తరువాతి సంవత్సరాలలో పేర్లు నమోదు చేసుకొనేటప్పుడు మరి మూడు ప్రశ్నలు అడిగేవాళ్ళం. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఈ పిల్లవాని చేయి ఇంటిపనిలో ఎక్కడ కావాలి? మధ్యాహ్నం పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఆ జవాబులను బట్టి కొందరికి గంట ముందే సెలవు, కొందరికి పన్నెండు దాకా నీడ, వలస నుండి వచ్చినవారికి బడిలోనే చోటు. ఏ పద్యం చెప్పాలన్నది ఆ తరువాతే ఆలోచించేవాళ్ళం.

మీ ఊళ్ళలో శిబిరాలు నడిపేవారున్నా, పిల్లలను పంపినవారున్నా, మీ ఇంటి సంగతి రెండు ముక్కలు వ్రాయండి. చదవాలని ఉంది.