వేలెడు ఖాళీ

మిన్నెసోటా ఉత్తరభాగంలో శీతకాలం దీర్ఘమైనది. ఆ మంచులో తిరగడానికి ఒకప్పుడు పాత స్నోమొబైల్ ఒకటి కొన్నాను. ముందు రెండు స్కీలు, వెనుక రబ్బరు పట్టా, నాలుగు స్ట్రోకుల ఇంజను. మా ఇంట్లో దాని పేరు మంచుబండి. ఆనాడు భోగి. వీధిలో మంట వేసుకునే వీలు లేదు కనుక, ఎనిమిదేళ్ళ మావాడిని వెనుక కూర్చోబెట్టుకుని అడవిదారిన గంటసేపు తిరిగి వచ్చాను.

దారిలో ఏ తేడా తెలియలేదు. ఇంటిముందు ఇంజను ఆపి, వాడి హెల్మెట్ తీస్తుండగా గుప్పున పెట్రోలు వాసన. వాడిని లోపలికి పరుగెత్తమన్నాను. బండి పూర్తిగా చల్లారాక సీటు విప్పి, ట్యాంకు పైకి తీసి చూస్తే, అడుగున అరచేతి మేర ప్లాస్టిక్ మెత్తబడి, జారి, లక్కలా గట్టిపడి ఉంది. ఒక మూల సన్నని చెమ్మ.

ఆ బండికి పొగగొట్టం ట్యాంకు కిందుగా, సీటు కిందుగా సాగి వెనుకకు తెరుచుకుంటుంది. ట్యాంకుకూ గొట్టానికీ నడుమ ఒక అల్యూమినియం రేకు ఉండాలి. దాని మరలు పట్టే రంధ్రాలు ఉన్నాయి, రేకు లేదు. ఏనాటి మరమ్మతులోనో తీసినవారు తిరిగి బిగించలేదు. కొన్ననాడు నేనూ వంగి చూడలేదు.

పరుగులో లేని ఆపద ఆగగానే ఎందుకు వచ్చింది? పరుగెత్తేటప్పుడు, సున్నాకు 20 డిగ్రీల దిగువనున్న గాలి గొట్టాన్ని ఒరుసుకుంటూ పోతుంది. బండి ఆగితే గాలీ ఆగుతుంది. కాలిన ఇనుములో నిలిచిన వేడి పైకి, అంటే ట్యాంకు వైపుకే లేస్తుంది. ట్యాంకు పాలిథిలీన్ సుమారు 130 డిగ్రీల వద్ద కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. ఇక పెట్రోలు ఆవిరి సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా నిప్పురవ్వకు అంటుకోగలదు. చలి ఉన్నది కదా అన్న భరోసా ఇక్కడ చెల్లదు.

మొదట నాకు తోచిన ఉపాయం గొట్టానికి మందపాటి నారపట్టీ చుట్టడం. ఇరుగింటి వృద్ధుడు, నలభై ఏళ్ళు యంత్రాలు బాగుచేసినవాడు, వద్దన్నాడు. కరిగిన మంచునీరు ఆ పట్టీలో నిలిచి గొట్టాన్ని తుప్పు తినేస్తుందట. "మందం కాదు, ఖాళీ చూసుకో" అన్నాడు.

నాకు చిన్ననాటి భోగిమంట గుర్తుకు వచ్చింది. ముఖం మాడిపోతుంటే వీపు వణికేది. ఎవరైనా మంటకు అడ్డు నిలిస్తే చాలు, ఆ క్షణమే సెగ తెగిపోయేది. అడ్డు నిలిచినవారు మందంగా ఉండనక్కరలేదు, మంటకు తగలకుండా ఉంటే చాలు. వేడి అక్కడ కిరణాలుగా వస్తోంది. పరమ ఉష్ణోగ్రత రెండింతలైతే ఆ కిరణాల తీవ్రత పదహారింతలవుతుంది.

మెరిసే అల్యూమినియం వాటిలో నూటికి 90 పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది. కానీ అదే రేకు గొట్టానికో ట్యాంకుకో ఆనుకున్నదా, వేడిని మోసుకెళ్ళే దారి తానే అవుతుంది. కనుక రక్షించేది రేకు ఒక్కటే కాదు, దానికి ఇరువైపులా ఉన్న గాలి కూడా.

మెత్తబడిన ట్యాంకును ఇక నమ్మరాదు, కొత్తది వేశాను. గొట్టపు అతుకు వద్ద గ్యాస్కెట్ మార్చాను. అక్కడ పొగ కారితే ఏ రేకూ ఆపలేదు. పలుచని రేకును వంచి, ఉక్కు వాషర్లపై నిలిపి, రెండు పక్కలా వేలెడు ఖాళీ ఉంచాను. రాపిడికి ట్యాంకు చిల్లుపడకుండా అంచులు మడిచాను. పెట్రోలు గొట్టాన్ని దూరంగా జరిపి క్లిప్పుతో బిగించాను.

మంచుపై నడిచే బండ్లకు పేరుపడ్డ జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే క్వెబెక్ వాసి. 1934 శీతకాలంలో, దారులు మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేక, రెండేళ్ళ కొడుకును పోగొట్టుకున్నాడు. 1937లో పట్టా నడిపే అమరికకు పేటెంటు పొందాడు. 1959లో స్కీ-డూ వచ్చింది. బిడ్డను చేర్చలేకపోయిన తండ్రి పనితనం నుంచి పెరిగిన యంత్రం మీద, నేను నా బిడ్డను చూసుకోకుండా కూర్చోబెట్టాను.

ఇప్పుడు బండి దిగగానే టార్పాలిన్ కప్పను. ఆ ఖాళీలో ఆకో, మంచుగడ్డో ఇరుక్కున్నదేమో చూసి, చల్లారేదాకా పక్కనే నిలబడతాను. మావాడు ఆపాటికి లోపల చేతులు కాచుకుంటూ ఉంటాడు.