డాబా మీది పళ్లెం, పక్కింటి కొబ్బరిచెట్టు

ఇంటర్నెట్టుకీ కొబ్బరిచెట్టుకీ పడదని 2020 వానాకాలం దాకా నాకు తెలీదు.

మాది కోనసీమలో ఓ పల్లెటూరు. ఆ ఏడు మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసింది. పాఠాలన్నీ లాప్‌టాప్‌లోనే. సెల్ సిగ్నలేమో పెరట్లో నూతిపళ్లెం దగ్గర తప్ప అందదు. మా వీధికి కేబుల్ నెట్టు అప్పటికి రాలేదు. రెండు కిలోమీటర్ల అవతల టవరు నుంచి గాల్లోనే నెట్టు ఇస్తామని ఒకాయన వస్తే, మావారు మారుమాట లేకుండా డబ్బు కట్టేశారు. వాళ్ళు డాబా పిట్టగోడకి పైపు బిగించి, దాని కొసన గంజి వార్చే సిబ్బి అంత తెల్లటి పళ్లెం పెట్టి వెళ్ళారు.

ఎండాకాలం ఎలాగో గడిచింది. జూలైలో వానలు దిగాయి. గాలి వీస్తే చాలు, మాస్టారి గొంతు ముక్కలు ముక్కలు. ఒకరోజు పరీక్ష మధ్యలో నెట్టు పోయింది. పిల్ల లాప్‌టాప్ మూసేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట చేసిన గుత్తివంకాయ ఎవ్వరం ముట్టలేదు.

మర్నాడు కంపెనీ కుర్రాడొచ్చి డాబా ఎక్కాడు. "పక్కింటోళ్ళ చెట్టు అడ్డమొస్తోందండి" అన్నాడు.

"అదేంటి బాబూ, మట్టల సందులోంచి టవరు నాకే కనిపిస్తోందిగా!" అన్నాను.

మన కంటికి సన్న గీతంత దారి చాలుట. తరంగాలకి చాలదుట. ఆ గీత చుట్టూ దొండకాయ ఆకారంలో, కొసలు సన్నగా, నడుమ లావుగా ఖాళీ ఉండాలిట. మాకున్న దూరానికి సరిగ్గా నడిమధ్యన అన్ని వైపులా కనీసం పదడుగులు! పైగా ఆకులో ఉన్న నీళ్ళు తరంగాల్ని పీల్చేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్లో కూర వేడెక్కేదీ అందులోని నీటి వల్లే కదా, ఇదీ ఆ జాతి తరంగమే. (భయపడకండి, దీని బలం బహు స్వల్పం.) వానకి తడిసి, గాలికి ఊగే మట్టలంటే ఇక చెప్పాలా?

ఇదంతా డబ్బు కట్టించుకోకముందే డాబా ఎక్కి చూసి చెప్పాల్సిన మాట. అడగకపోవడం మా తప్పూ ఉందనుకోండి.

అసలు తప్పు తర్వాత చేశాం. మావారు పక్కింటి పిన్నిగారి దగ్గరికెళ్ళి, చెట్టుకి ఎంత కావాలో చెప్పమన్నారు. బాబయ్యగారు పోయాక ఆవిడకి ఆ నాలుగు చెట్ల దింపే ఆధారం. ఆ చెట్టు ఆయన చేత్తో నాటింది. పిన్నిగారు "ఆలోచిస్తాన్లే నాయనా" అని లోపలికెళ్ళిపోయారు. పది రోజులు మా గుమ్మం తొక్కలేదు. పిల్ల చదువా, పిన్నిగారా అని నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పొద్దూ, రెండు మూడుసార్లు ఆ చెట్టుని చూసి పిడుగైనా పడదేం అనుకున్నాను.

చివరికి ఆ కుర్రాణ్ణే మళ్ళీ పిలిచి, "బాబూ, చెట్టు కదలదు. నీ పళ్లెం కదుల్తుందా?" అని అడిగాను. అతను డాబా నాలుగు మూలలా నిలబడి చూశాడు. నీళ్ళ ట్యాంకు పక్కనుంచి రెండు చెట్ల నడుమ మంచి ఖాళీ దొరికింది. ఇరవై అడుగుల పైపు వేసి, ఊగకుండా మూడు వైపులా తీగలు లాగి కట్టాడు. పైపుకీ తీగలకీ అయిన ఖర్చు చెట్టుకి ఇవ్వబోయిన దాంట్లో సగం కూడా లేదు.

ఆ సాయంత్రం బొబ్బట్లు పట్టుకుని పిన్నిగారింటికెళ్ళాను. "చెట్టు జోలికి రామండీ" అంటే ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో రెండు కొబ్బరికాయలు పెట్టారు.

మా అమ్మాయి 2022లో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. కేబుల్ కూడా వచ్చేసింది. అయినా ఇప్పటికీ దింపుకి మనిషొస్తే పిన్నిగారు గోడ అవతల్నుంచి కేకేస్తారు, "అమ్మాయీ, ఎండుమట్టలు తీయిస్తున్నా, మీ పళ్లేనికి అడ్డమేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు!"