సిద్ధులగుట్ట మీద మా నార్త్ కోల్

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, తీరిక చూసుకుని చదవండి.

మేము నలుగురం. ఆర్మూర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాం. నలుగురివీ నాలుగు తండాలు. మా ఇళ్లల్లో మాకంటే ముందు కాలేజీ గేటు దాటినవాళ్లు ఎవరూ లేరు. ఫీజు కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో మా బాపులకు మేమే వేలుపెట్టి చూపించినం.

ఆదివారం పొద్దున వార్డెన్ మేడంకు చెప్పి సిద్ధులగుట్టకు పోతాం. ఆర్మూర్ చూడనివాళ్లకు ఆ గుట్ట గురించి చెప్పాలంటే, ఎవరో పెద్ద పెద్ద బండలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పని మధ్యలో వదిలేసి పోయినట్టు ఉంటది. నవనాథ సిద్ధులు తపస్సు చేసిన చోటని చెప్తరు. మొక్కు ఉన్నవాళ్లు మెల్లగా మెట్లు ఎక్కుతుంటే, మేము పందెం పెట్టుకుని ఉరుకుతాం. చివర వచ్చినవాళ్లు నలుగురికీ చాయ్ పైసలు కట్టాలి. మెడల్స్ గిడల్స్ ఏమీ లేవు, మేమేమీ ప్లేయర్లం కాదు. ఒకామెకైతే ఇప్పటికీ చెప్పులతోనే అలవాటు.

ఆ దారికి మేము పేర్లు పెట్టుకున్నాం. కింద చాయ్ బండి బేస్ క్యాంపు. సగం దూరంలో గాలి తగిలే మలుపు నార్త్ కోల్. ఇంకా పైన రెండు బండల నడుమ ఇరుకు జాగా సెకండ్ స్టెప్. గుడి ముందరి చదును మా శిఖరం. వినేవాళ్లు నవ్వుతరు. కానీ ఆ పేర్లన్నీ మాలావత్ పూర్ణ అక్క నడిచిన దారిలోవి.

అక్కది మన జిల్లానే, సిరికొండ మండలం పాకాల. అమ్మానాన్నలు కూలి పనిచేసేవాళ్లు. తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. గురుకులాల సెక్రటరీగా ఉన్న ప్రవీణ్ కుమార్ సార్ పిల్లలకు పర్వతారోహణ నేర్పించాలనుకున్నప్పుడు, స్వయంగా ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు సార్ కోచ్. వంద మందికి పైగా పిల్లలతో భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్ తిప్పి, చివరికి ఇద్దరిని తేల్చారు. ఒకరు అక్క, ఇంకొకరు ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ అన్న. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపు వాళ్లకు పర్మిషన్ ఉండదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. ఆ వార్త విన్నాక కూడా వీళ్లిద్దరూ వెనక్కి రాలేదు. 2014 మే 25న శిఖరం మీద నిలబడ్డారు. అక్కకు అప్పుడు పదమూడేళ్ల పదకొండు నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు.

మాకప్పుడు తొమ్మిదేళ్లు, ఎండాకాలం సెలవులు. తండాలో టీవీ ఉన్న ఇంటి ముందు అందరం గుమిగూడినం. మంచులో ముఖం కూడా కనబడకుండా బట్టలు చుట్టుకున్న మనిషిని చూపిస్తూ, "మన నిజామాబాద్ పిల్ల" అంటుంటే ఎవరూ నమ్మలేదు. ఎనిమిది రోజులకే తెలంగాణ వచ్చింది. పటాకులు, డప్పులు, మిఠాయిలు. మా బుర్రల్లో ఆ రెండూ కలిసిపోయి, పూర్ణ ఎవరెస్టు ఎక్కినందుకే తెలంగాణ వచ్చిందని మాలో ఒకామె చానా రోజులు అనుకుంది. ఇప్పుడు రాష్ట్ర ఏర్పాటు పాఠం చెప్పేటప్పుడు ఆమె దిక్కు చూసి నవ్వుకుంటాం.

గురుకులంలో చేరినంక అక్క మాకు ఇంకో తీరుగా ఎదురైంది. అన్నం పారేస్తే "పూర్ణను చూడు". లెక్కలు రాకుంటే "పూర్ణను చూడు". పొద్దున పీటీకి లేవకుంటే మరీ ఎక్కువ. నిజం చెప్తున్నాం, ఒక దశలో ఆ పేరు వింటేనే చిరాకొచ్చేది. ఎవరెస్టు ఎక్కినామెతో లెక్కలు రానోళ్లను పోలిస్తే లెక్కలు వస్తాయా?

ఆ చిరాకు పోయింది భువనగిరిలో. తొమ్మిదో తరగతిలో మాలో ఇద్దరం వేరే వేరే స్కూళ్ల నుంచి అక్కడ ఐదు రోజుల క్యాంపుకు వెళ్లాం. ఒకరికొకరం అక్కడే పరిచయం. ఆ కోట కింద బండ అంతా ఒకే రాయి, పట్టుకోడానికి సందు ఉండదు. పాదం మొత్తం ఆనించి, నడుము వెనక్కి పెట్టి, రాయిని నమ్మి నడవాలి. భయపడి బండకు హత్తుకుంటే జారుతాం. రెండు కాళ్లు, రెండు చేతుల్లో మూడు ఎప్పుడూ రాయి మీదే ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. నడుముకు హార్నెస్, దానికి తాడు, తాడుకు ఎనిమిది అంకె ముడి. ముడి వేసినంక పక్కన ఉన్నామె చూసి సరే అనాలి. మన ముడిని మనమే చూసుకుంటే లెక్కకు రాదు.

రెండో రోజు మాలో ఒకామె సగంలో ఆగి ఏడ్చింది. కింద తాడు పట్టుకున్న సార్ తిట్టలేదు. ఈ బండ మీదనే పూర్ణ వాళ్లు నేర్చుకున్నరు, నువ్వు చెయ్యి పెట్టిన చోట వాళ్లూ చెయ్యి పెట్టినవాళ్లే అని చెప్పిండు. అంతే. ఆ రాయి ఎండకు కాలుతోంది, అక్కడక్కడ నున్నగా ఉంది. అక్క అప్పటిదాకా టీవీలో ఉండె, స్కూలు గోడ మీద ఫొటోలో ఉండె. ఆ రోజు మా కంటే ముందు లైన్లో నిలబడ్డ పిల్ల అయిపోయింది. తర్వాత దారిలోని క్యాంపుల గురించి వెతుక్కుని చదివాం. బేస్ క్యాంపు సుమారు 5,200 మీటర్లు, అక్కడిదాకా బండ్లు పోతాయట. నార్త్ కోల్ 7,000 దగ్గర. సెకండ్ స్టెప్ 8,600 పైన నిలువు బండ, 1975లో చైనా బృందం అక్కడ నిచ్చెన బిగించింది. శిఖరం దగ్గర మనకు అందే ఆక్సిజన్ ఆర్మూర్‌లో అందేదాంట్లో మూడో వంతే. గుట్ట మెట్ల మీద రొప్పుతున్నప్పుడు ఈ మూడో వంతు ముచ్చట మస్తు యాదికొస్తది.

2017లో వచ్చిన 'పూర్ణ' సినిమాను స్కూల్లో ప్రొజెక్టర్ మీద చూపించారు. రాహుల్ బోస్ తీసిన హిందీ సినిమా. మన బాసకు హిందీ దగ్గర కాబట్టి మాకు తొందరగా అర్థమైంది, తెలుగు దోస్తులకు మేమే చెప్పాల్సి వచ్చింది. అందులో పూర్ణతో ఆడుకునే చుట్టాలమ్మాయికి చిన్నప్పుడే పెళ్లి చేసేస్తరు. ఎవరెస్టు సీన్లకు చప్పట్లు కొట్టిన హాలు ఆ పెళ్లి సీన్‌కు సప్పుడు లేకుండా అయిపోయింది.

అక్క ఇంటర్వ్యూలు చూస్తే మాకు నచ్చేది ఒకటే. తన గురించి అడిగితే సార్ల గురించి, కోచ్ గురించి చెప్తది. శిఖరం మీదికి అంబేద్కర్ ఫొటో, శంకరన్ సార్ ఫొటో తీసుకుపోయింది. దిగొచ్చి మళ్లీ బడికే వెళ్లింది. మేము దీన్ని చానా పెద్ద సంగతి అనుకుంటాం. ప్రపంచ రికార్డు పెట్టినంక కూడా పదో తరగతి పరీక్ష రాయాల్సిందే కదా! తర్వాత కిలిమంజారో, ఎల్‌బ్రస్, అకాన్‌కాగ్వా, కార్‌స్టెంజ్, విన్సన్, 2022 జూన్‌లో డెనాలి. ఏడు ఖండాల్లో ఏడు శిఖరాలు. నడుమ అమెరికా మిన్నెసోటాలో చదువు. మాలో ఎవరం అక్కతో ఒక్క మాట మాట్లాడింది లేదు. అయినా దోస్తు గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటాం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది.

ఫిబ్రవరిలో మాలో ఒకామె ఇంటికి పోయి తిరిగి రాలేదు. పేరు రాయడం లేదు. అది పసుపు తవ్వే కాలం. ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో ఎక్కడ చూసినా తవ్వకం, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు. వాళ్లింట్లో అందరూ ఒక రైతు దగ్గర గుత్తకు పనిచేస్తున్నరు. రెండు చేతులు తగ్గితే ఆ మేరకు కూలి తగ్గుతది. వారం అన్నది మూడు వారాలైంది. ఆదివారం ముగ్గురమే గుట్ట ఎక్కినం. పందెం సాగలేదు. ఫోన్ చేస్తే మెల్లగా చెప్పింది, సంబంధం ఒకటి వచ్చిందట, పసుపు పైసలు చేతిలో పడంగనే మాట్లాడతరట.

మేము ముగ్గురం బస్సెక్కి పోయినం. కల్లంలో పసుపు ఉడుకుతోంది, ఆవిరి వాసనకు కళ్లు మండినయ్. వాళ్ల బాపు మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చిండు. మేము బస్సులో తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టినం, అందులో మొదటి మాటే పూర్ణ అక్క. ఆయన అంతా విన్నడు.

"పూర్ణ లచ్చల మందిల ఒక్కతి బిడ్డా. ఒక్కతిని చూపిచ్చి అందరి పిల్లలను గుట్టలు ఎక్కమంటే ఎట్ల?"

మా దగ్గర జవాబు లేదు. స్కూల్లో మాకు చిరాకు పుట్టించిన మాటనే మేము ఆయన మీదికి విసిరినం కదా అని అప్పుడు తట్టింది. కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత మాలో చెప్పులతో గుట్ట ఎక్కే ఆమె అన్నది, "గుట్టలు వద్దు కాకా. దిగొచ్చి మళ్లీ బడికి పోయింది చూడు, గంతే చాలు. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నయ్."

ఆయన కల్లం దిక్కు చూసుకుంటూ, "గా పిల్లను టీవీల చూసినప్పుడు దీని యాడి ఏడ్చింది" అన్నడు. ఎందుకు ఏడ్చిందో ఆయన చెప్పలేదు. యాడి అక్కడనే ఉంది, పసుపు కలబెడుతోంది, మా దిక్కు తిరగలేదు.

పరీక్షలు రాయనీ, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నడు. సంబంధం పోయిందని కాదు. వాయిదా పడింది. పరీక్షలైనంక మళ్లీ పోవాల్సి వస్తదేమో, ఈసారి ఏం చెప్పాలో ఇప్పటినుంచే అనుకుంటున్నాం. ఇటువంటి ముచ్చటలో ఇంటోళ్లను ఒప్పించిన అక్కలు, అన్నలు ఈ గ్రూపులో ఉంటే ఎట్ల మాట్లాడినరో రాయండి. ఉపన్యాసం కాదు, నిజంగా అన్న మాటలు.

మొన్న ఆదివారం నలుగురం గుట్టకు పోయినం. మూడు వారాలు వంగి పనిచేసి ఆమె నడుం పట్టేసింది, నార్త్ కోల్ దగ్గరనే కూలబడింది. మేము ముగ్గురం ఆగినం. "ఆగితే పందెం ఎట్లయితది, పోండి" అని కసిరింది. పోయినం. సెకండ్ స్టెప్ దగ్గర వెనక్కి చూస్తే ఒక్కో చెయ్యి బండకు ఆనించుకుంటూ వస్తోంది, మూడు రాయి మీద, ఒకటి గాల్లో. ఆమె భువనగిరికి పోయినామె కాదు. మేము చెప్పిందే నేర్చుకుంది.

చివర వచ్చింది కాబట్టి చాయ్ పైసలు ఆమెనే కట్టింది. ఎన్నిసార్లు కడిగినా ఆ చేతుల పసుపు ఇంకా పోలేదు, నోట్లకూ అంటింది. చాయ్ అన్న నోటు తీసుకుని వాసన చూసి, "ఎవరి కల్లం బిడ్డా ఇది?" అన్నడు.