రంగుల తీగలతో గుట్ట దాకా

రామంతాపూర్ నుంచి యాదగిరిగుట్ట అరవై కిలోమీటర్ల లోపే. ఉప్పల్ రింగు రోడ్డు దాటి వరంగల్ హైవే ఎక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి, ఆ పైన గుట్ట. మామూలు కారుకు ఇదొక ప్రయాణమే కాదు. మేం తీసుకెళ్లాలనుకున్నది మాత్రం ఎంజీబీ. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మా మిత్రుడి చేతికి వచ్చేసరికి దాని ఇంజను తిరుగుతోంది, బ్రేకులు పడుతున్నాయి, కరెంటు మాత్రం లేదు. అందువల్ల గుట్ట ప్రయాణానికి ముందు, వైర్ల కోసం హైదరాబాద్‌లోనే చాలా తిరగాల్సి వచ్చింది.

బండి ఉన్నది రామంతాపూర్‌లో టీవీ స్టూడియోకి దగ్గర్లోని ఒక గల్లీలో, రేకుల షెడ్డు కింద. ఎవరో విదేశీ అధికారి తెచ్చి వదిలి వెళ్తే చేతులు మారుతూ ఇక్కడికి చేరిందని మావాడు చెప్పేవాడు. బానెట్ ఎత్తి చూస్తే ఆ చేతులన్నీ వైరింగ్‌లో కనిపించాయి. అసలు వైరు మీద పూత వేలితో తాకితే పెంకులు పెంకులుగా రాలిపోతోంది. తెగిన చోటల్లా ఇంటి వైరు ముక్క మెలిపెట్టి టేపు చుట్టారు. హారన్‌కు డ్యాష్‌బోర్డు కింద ఒక కాలింగ్ బెల్ స్విచ్చు. ఎడమ ఇండికేటర్‌కు వెళ్లే వైరు ఎరుపులో మొదలై, మధ్యలో పసుపై, దీపం దగ్గరికి వచ్చేసరికి నీలం. ఏది ఎక్కడికి పోతోందో చెప్పగల మనిషి లేడు. చేసినవాళ్లకు ఆ రోజు తెలిసే ఉంటుంది.

"మొత్తం పీకేసి కొత్తది అల్లుదాం. అన్నీ నల్ల వైర్లే. రేసు కార్లలో అంతే కదా, ఎంత నీటుగా ఉంటుందో చూడు" అన్నాడు మావాడు. నేను సరేనన్నాను కానీ, అల్లడం నాకు తెలిసిన విద్య కాదు. తెలిసిన పెద్దాయన నాచారంలో ఉన్నారు.

ఆయన ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆ సంస్థ 1967లో వచ్చిన దగ్గర్నుంచి కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం చుట్టూ చిన్న చిన్న యూనిట్లు ఎన్నో పుట్టుకొచ్చాయి. డబ్బాల్లోకి వెళ్లే వైర్ల కట్టలు తయారు చేయడమే పనిగా బతికే షెడ్లు వాటిలో ఉన్నాయి. హబ్సిగూడ మీదుగా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోకి వెళ్తే, బయట బోర్డు కూడా లేని అలాంటి షెడ్డులోనే ఆయన ఇప్పటికీ రోజూ కూర్చుంటారు. గోడకు ఆనించిన ప్లైవుడ్ బల్లలు, వాటి నిండా మేకులు, మేకుల మధ్య పెన్సిల్ గీతలు. ఆడపిల్లలిద్దరు మైనం పూసిన దారంతో వైర్లను ముడివేస్తున్నారు. ఒక్కో ముడికీ మధ్య అంగుళం దూరం, కొలిచి పెట్టినట్టు.

పాత వైరింగ్ కట్టను సంచిలోంచి తీసి బల్ల మీద పరిచాను. పెద్దాయన దాన్ని కొలవలేదు. ఒక చివర బ్లేడుతో గీకి, మసి కింద రంగు చూశారు. గోధుమ రంగు.

"ఇంగ్లండ్ లూకాస్ కంపెనీ రంగులయ్యా. గోధుమ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపు అంటే తాళం తిప్పితే వచ్చేది. అదే ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. ఊదా అంటే తాళంతో పనిలేకుండా ఫ్యూజులోంచి వచ్చేది, హారన్‌కు. ఎరుపు పార్కింగ్ లైట్లకు, నీలం హెడ్‌లైట్లకు. నలుపు ఎర్త్."

"సార్, మావాడు అన్నీ నలుపే వేద్దామంటున్నాడు."

"వేయండి. మరి చీకట్లో రోడ్డు మీద ఆగితే ఎవర్ని పిలుస్తారు? నన్నా?"

ఆ మాటకు జవాబు లేదు. ఆ రంగుల పద్ధతిలో ఇంకో సొగసు ఉంది. అసలు రంగు మీద సన్నటి గీత ఇంకో రంగులో ఉంటుంది. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీతైతే కుడి, ఊదా గీతైతే బ్రేక్ లైటు. నీలం మీద తెల్ల గీత హై బీమ్, ఎర్ర గీత డిప్పర్. ఒక్కసారి పట్టుబడితే డ్రాయింగ్ చూడకుండానే వైరును చదవొచ్చు.

"కట్టను కొలవద్దు, బండిని కొలవండి. ఇన్నేళ్లు వేడికి బిగుసుకుపోయిన కట్ట పొడవు చెప్పదు" అని పంపించారు. షెడ్డుకు తిరిగొచ్చి సుతిలి తాడు పట్టుకున్నాం. బానెట్ కింద ఫ్యూజు పెట్టె నుంచి హెడ్‌లైటు దాకా, డ్యాష్‌బోర్డు వెనక నుంచి స్టీరింగ్ దాకా, బండి కింద నుంచి డిక్కీ దాకా తాడు పోనిచ్చి, కొమ్మ చీలే ప్రతిచోటా ముడి వేసి చీటీ కట్టాం. ఎంజీబీలో బ్యాటరీ సీట్ల వెనక గుంతలో ఉంటుంది. మొదట్లో అక్కడ ఆరు వోల్టులవి రెండు ఉండేవి. మావాడు ముందే పన్నెండు వోల్టుల ఒక్కటి పెట్టించాడు. పెట్రోలు పంపు కూడా వెనకే, కరెంటుతో నడిచేది. అందువల్ల మిగతా కార్లలో లేనంత కరెంటు ఈ బండిలో ముందుకూ వెనక్కూ తిరుగుతుంది.

తర్వాత లెక్క. హెడ్‌లైటు హై బీమ్ 60 వాట్లు. పన్నెండు వోల్టుల మీద 5 ఆంపియర్లు, రెండింటికీ కలిపి 10. ఈ బండి మొదటి రోజుల్లో ఉన్నవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అదీ లేదు. ఆ పది ఆంపియర్లూ స్విచ్చులోంచి, కాలితో నొక్కే డిప్పర్‌లోంచి పోవాలి. పాత స్విచ్చులు కాలిపోయేది అందుకే. మేం రెండు రిలేలు పెట్టాలనుకున్నాం, ఒకటి హై బీమ్‌కు, ఒకటి డిప్పర్‌కు. స్విచ్చు రిలేను మాత్రమే లేపుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి 30వ నంబరు కాలులో దిగిన కరెంటు 87లోంచి దీపానికి పోతుంది. పాత డైనమో గట్టిగా తిరిగినా 22 ఆంపియర్లే ఇస్తుంది కాబట్టి దాని బదులు ఆల్టర్నేటర్ వేశాం. దానికోసం పాజిటివ్ ఎర్త్ బండిని నెగటివ్ ఎర్త్‌కు తిప్పాలి. బ్యాటరీ తిరగేస్తే సరిపోదు, ఇగ్నిషన్ కాయిల్ మీద వైర్లూ మారాలి, ఆర్‌పీఎం మీటరునూ లోపల మార్పించాలి. 1967 చివర్లో కంపెనీ కూడా ఇదే పని చేసింది, ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ కలిసే వచ్చాయి.

సరుకు కొనడమే ఒక యాత్ర. రిలేలు, హోల్డర్లు, స్లీవుల కోసం అంబర్‌పేట, కాచిగూడ మీదుగా కోఠీ వెళ్లి గుజరాతీ గల్లీలో దూరాం. వైరు మాత్రం పక్కనే ఉన్న ట్రూప్ బజార్‌లో దొరకలేదు. అక్కడ కొండలా పేర్చి ఉన్నది ఇంటి వైరు. దాని పూత మామూలుగా 70 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఇంజను పక్కన పోయే వైరుకు 105 కావాలి. పైగా ఇంటి వైరులో గీత రంగులుండవు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి ఆటోలో రాణీగంజ్ చేరితే, ఆటోమొబైల్ వైర్లు అమ్మే ఒక ఇరుకు దుకాణంలో దొరికింది. "28/0.30" అని అడగ్గానే షాపాయన మా వైపు చూసిన చూపులో గౌరవం పెరిగింది. అంటే 0.30 మిల్లీమీటర్ల రాగి పోగులు 28, దాదాపు రెండు చదరపు మిల్లీమీటర్లు, 17 ఆంపియర్ల దాకా మోస్తుంది. చిన్న దీపాలకు 14 పోగులది చాలు, బ్యాటరీ నుంచి వచ్చే గోధుమ రంగు దానికి 44. "ఏ రంగైనా కాయిల్ లెక్కనే, మీటర్ల లెక్కన ఇయ్య" అన్నాడు. గీత రంగులన్నీ కాయిళ్లుగా కొంటే మావాడి ముఖం చిన్నబోయింది. నల్ల వైరు ఒక్కటే కొంటే ఎంతయ్యేదో లెక్కేసుకుంటూ మెట్రో దాకా వచ్చాడు.

నాచారం షెడ్డులో మా కోసం ప్లైవుడ్ బల్ల ఒకటి ఖాళీ చేశారు. తాడు కొలతలను దాని మీద గీసి, చీలే చోట మేకులు కొట్టి, ఒక్కో వైరును మేకుల మధ్య పరుస్తూ పోయాం. బల్ల మీద ఆ కారు చదునైన పటంలా కనిపించసాగింది: ఎడమ చివర హెడ్‌లైట్లు, మధ్యలో డ్యాష్‌బోర్డు, కుడి చివర డిక్కీ. వైరు చివర బిగించే థింబుల్స్ దగ్గర పెద్దాయన కఠినం. సోల్డర్ ముట్టనివ్వలేదు. సీసం పోగుల్లోకి పాకి ఆగిన చోట వైరు పుల్లలా బిగుస్తుందట, బండి అదురుకు సరిగ్గా అక్కడే విరుగుతుందట. సరైన పట్టకారుతో నొక్కి, ఒక్కోదాన్నీ గట్టిగా లాగి చూశాకే స్లీవ్ ఎక్కించేవారు. టేపు కూడా జిగురు లేనిదే. మామూలు ఇన్సులేషన్ టేపు మన ఎండకు కరిగి నల్లగా చేతులకు అంటుకుంటుంది.

బండిలో బిగించాక బ్యాటరీని నేరుగా కలపలేదు. బ్యాటరీకీ గోధుమ వైరుకూ మధ్య పెద్దాయన 21 వాట్ల బ్రేకు బల్బు ఒకటి వేలాడదీశారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే కరెంటంతా ఆ బల్బులోనే ఖర్చయి అది భగ్గున వెలుగుతుంది, వైరు కాలదు. అన్ని స్విచ్చులూ ఆపి కలిపాం. వెలగలేదు. పార్కింగ్ లైటు వేస్తే అటు ఆ దీపాలూ ఇటు ఈ బల్బూ మినుకుమన్నాయి. అంటే దారి సరైనదే. ఇలా ఒక్కో స్విచ్చూ దాటి, చివరకు బల్బు తీసేసి నేరుగా కలిపినప్పుడు హెడ్‌లైట్లు ఎదురింటి గోడ మీద పడ్డాయి. ఆ గోడ పక్కన బియ్యం ఏరుకుంటున్న పక్కింటి అక్క "ఆర్పండి నాయనా" అని కేకేసింది.

బండి పూజకు గుట్ట అనుకున్నాం. మధ్యాహ్నం ఎండ తగ్గాక బయల్దేరాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా, ఏళ్లుగా సాగుతున్న పైవంతెన స్తంభాల మధ్య గుంతల్లో ఎగిరెగిరి పడినప్పుడల్లా నా దృష్టి మీటర్ల మీదే. ఘట్‌కేసర్ దాటాక రోడ్డు విచ్చుకుంది. 1798 సీసీ ఇంజను మొదటిసారి నోరు తెరిచి పాడింది. మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను దీనికి అదే బీ-సిరీస్ వంశంలో అన్న. గూడూరు టోల్‌ప్లాజాలో కుర్రాడు డబ్బు తీసుకోవడం మర్చిపోయి "ఏం బండి సార్ ఇది" అని వంగి చూశాడు. గుట్ట కింద కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పూజారి అడిగితే హారన్ కూడా మోగించాం. 2022 మార్చిలో తెరుచుకున్న కొత్త ఆలయం నల్లరాతి గోపురాలు సాయంకాలపు వెలుగులో చూసి తిరుగు ముఖం పట్టాం.

భువనగిరి దాటేసరికి చీకటి. బీబీనగర్ దగ్గర వెనక నుంచి ఒక లారీ పదే పదే లైట్లు కొట్టింది. ఆపి చూస్తే ఎడమ వెనక దీపం గుడ్డిగా ఉంది. బ్రేకు తొక్కితే వెలగాల్సింది పోయి ఇంకా తగ్గుతోంది. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు పార్కింగ్ లైటూ కొట్టుకుంటోంది. నాచారం ఎంతో దూరంలో ఉన్నట్టనిపించింది. పక్కనే టైర్ల పంక్చర్ షాపు, దాన్ని ఆనుకుని ఆటో ఎలక్ట్రీషియన్ బడ్డీ. యాభై దాటిన మనిషి టార్చి పట్టుకుని వచ్చాడు. ఎంజీబీని ఎప్పుడూ చూడలేదని అతని ముఖమే చెప్పింది. డిక్కీ ఎత్తి, కార్పెట్ లాగి, వైర్ల మీద టార్చి వేశాడు.

"గిది అంబాసిడర్ వైరింగే గదా సార్. ఎర్రది పార్కింగ్, పచ్చ మీద ఊదా బ్రేకు, పచ్చ మీద ఎరుపు ఇండికేటర్. నల్లది ఎర్త్. మూడింటికీ ఒక్కతీర్గ తేడా కొడుతుందంటే ఎర్తే."

నల్ల వైరు లాగి చూశాడు. గట్టిగానే ఉంది. జేబులోంచి చిన్న వైరు ముక్క తీసి, ఒక కొస బాడీకి, ఇంకో కొస బల్బు హోల్డర్ రేకుకు ఆనించాడు. దీపం ఒక్కసారిగా ఎర్రగా నిండింది. తీశాడు, గుడ్డిదైంది. "వైరు మంచిగనే ఉంది. హోల్డర్ రేకుకు, దీపం బాడీకి నడుమ రివిట్ తుప్పు పట్టింది. పాత మాల్ గదా." వచ్చిన కరెంటుకు తిరిగిపోయే దారి మూసుకుపోతే అది పక్క దీపాల్లోంచి దారి వెతుక్కుంటుంది, అందుకే మూడూ కలిసి కొట్టుకున్నాయి. ఉప్పు కాగితంతో గీకి, సన్న రాగి తీగతో హోల్డర్‌ను నల్ల వైరుకు కట్టి, పది నిమిషాల్లో పని ముగించాడు. మావాడు ఐదొందలు తీయబోతే వంద తీసుకున్నాడు. "ఎవరు చేసిండ్రో గానీ, నాకు దేవులాడే పని పెట్టలే" అన్నాడు.

ఉప్పల్ చేరేలోపే మావాడు పెద్దాయనకు ఫోన్ కలిపాడు. నల్ల వైర్ల ఊసు ఎత్తకుండా జరిగిందంతా చెప్పాడు. ఆయన సంతోషపడతారనుకున్నాం. "కుడివైపు హోల్డరూ అదే వయసు కదయ్యా. రేపు రెండింటినీ పీకి తీసుకురండి, విడిగా నల్ల వైరు అతికిద్దాం. ఆ వైరును మీ వైరింగ్ డ్రాయింగ్‌లో కూడా ఎక్కించండి, మర్చిపోవద్దు" అని పెట్టేశారు. ఆ డ్రాయింగ్‌ను ఇప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టి బానెట్ లోపల అంటించాం. రేపు ఈ బండి ఇంకెవరి చేతికి పోయినా, ఎక్కడ ఆగినా, దాన్ని తెరిచేవాడు మాకు ఫోన్ చేయనక్కర్లేదు.